అంగడి నుంచి ఓ ఉత్తరం

బాకీ ఉన్న మనిషి మన అంగడి ముందు నుంచి నడవడు. నాలుగడుగులు ఎక్కువైనా సరే, పక్క వీధిలోంచి చుట్టు తిరిగి పోతాడు. అనంతపురం, ధర్మవరం, కళ్యాణదుర్గం, కదిరి... ఏ ఊళ్లో అంగడి పెట్టుకున్న వాళ్లనడిగినా ఈ మాట చెబుతారు. అలా తప్పుకుని పోయేవాడు ఎగ్గొట్టే రకం కానక్కర్లేదు. వాన లేదు, పంట లేదు, చేతిలో డబ్బు లేదు. ముఖం చూపించడానికి మొహమాటం. అంగట్లో కూర్చున్నాయన ‘ఏమన్నా, ఈ మధ్య అగుపించడమే మానేస్తివే’ అని నవ్వుతూ పలకరించినా, ఆ మాట బాకీ అడిగినట్టే వినిపిస్తుంది.

అలా ఒక సీజను పోతుంది. ఇంకో సీజనూ పోతుంది. మూడో ఏడు నాలుగు చినుకులు పడి, శెనక్కాయ మూటలు ఇంటికొస్తాయి. ఆ మనిషి జేబులో డబ్బు పెట్టుకుని టౌనుకొస్తాడు. కానీ మన అంగడికి రాడు. కొత్త అంగడికి పోతాడు. అక్కడ పాత బాకీ లేదు కదా! మనకు బాకీ రాలేదు సరికదా, పదేళ్ల ఖాతాదారుడు కూడా పోయాడు.

కరవు సీమలో చిరు వ్యాపారాలు దెబ్బతినేది అమ్మకాలు పడిపోయిన ఏడు మాత్రమే కాదు. వానలొచ్చి అమ్మకాలు మళ్లీ మొదలయ్యే ఏడు కూడా! పంట లేని రోజుల్లో తెగిపోయిన పలకరింపు, పంటొచ్చిన రోజుల్లో మనల్ని నష్టపెడుతుంది. ఆ పలకరింపు తెగిపోకుండా కాపాడే ఓ చిన్న సాధనం గురించే ఈ వారం ముచ్చట. అది ఖరీదైనదేం కాదు. ఒక అచ్చు కాగితం. ఇంగ్లిషులో న్యూస్‌లెటర్ అంటారు. మనం అంగడి ఉత్తరం అనుకుందాం.

రెండు నెలల బేరం, పది నెలల మౌనం

ఈ ప్రాంతంలో వ్యాపారం తీరు వేరు. సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి ఇక్కడిదాకా వచ్చేసరికి నీరసించిపోతాయి. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది గానీ, మబ్బులకు ఆ సంగతి తెలియదు. రెండు చోట్లా అదే ఎదురుచూపు.

అందువల్ల కొనుగోళ్లు కూడా వానను బట్టే. విత్తనాల అంగడికి జూన్, జూలై నెలలు. బట్టల అంగడికి పెళ్లిళ్లు, పండగలు. మోటార్లు బాగుచేసే మెకానిక్‌కు ఎండాకాలం. మిగతా రోజుల్లో చాలామంది ఖాతాదారులకు మనతో పని ఉండదు. కొందరు ఊళ్లోనే ఉండరు. బెంగళూరుకో, కేరళకో కూలికి పోతారు. తిరిగి వచ్చేసరికి వీధిలో రెండు కొత్త బోర్డులు వెలుస్తాయి.

ఆ పది నెలల్లో మన నుంచి వాళ్లకు వెళ్లే కబురు ఏమిటని ఒకసారి ఆలోచించండి. జనవరిలోనో ఉగాదికో ఒక క్యాలెండరు. ఆ తర్వాత బాకీ కోసం ఫోను. అంతే! అంటే మన పేరు ఫోనులో కనిపించగానే ఆ ఇంటాయనకు గుర్తొచ్చేది అప్పు. మన కబురుకీ అప్పుల కబురుకీ తేడా లేకుండా చేసుకున్నది మనమే.

క్యాలెండరు సగం దారి

నిజానికి క్యాలెండరు వేయించిన ప్రతి వ్యాపారికీ ఈ విద్య సగం తెలిసినట్టే. తిథులు, కార్తెలు, రాహుకాలం, సెలవులు... ఇవన్నీ ఇంట్లో రోజూ పనికొచ్చేవి. అందుకే క్యాలెండరును ఎవరూ పారేయరు. ఏడాదంతా గోడ మీద ఉంచుతారు. కింద మన అంగడి పేరు ఉంటుంది. పనికొచ్చేదాన్ని ఇచ్చి, దాని పక్కన మన పేరు పెట్టుకోవడం. కిటుకంతా ఇంతే.

ఇదే కిటుకును సంవత్సరానికి ఒకసారి కాకుండా నాలుగుసార్లు చేస్తే అది అంగడి ఉత్తరం. కరపత్రానికీ దీనికీ తేడా ఉంది. ఆదివారం పేపరు మధ్యలోంచి జారిపడే కరపత్రం ఎవరికైనా వస్తుంది. ‘భారీ తగ్గింపు’ అని ఒకసారి అరిచి వెళ్లిపోతుంది. ఉత్తరం అలా కాదు. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు రాసేది. చెప్పిన వేళకు వచ్చేది. కొనమని అడగకముందే ఏదో ఒకటి ఇచ్చేది.

మన పెద్దలు చేసిన పనే

ఇదేదో విదేశీ కిటుకు అనుకోకండి. మనవాళ్లు వందేళ్ల కిందటే వ్యాపారాన్నీ అచ్చు కాగితాన్నీ జోడించారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టి దాన్ని జనానికి అలవాటు చేశారు. 1908లో అక్కడి నుంచే ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికను తెచ్చారు. 1914లో మద్రాసులో అది దినపత్రిక అయ్యింది. పత్రిక పెట్టింది మందు అమ్ముకోవడానికి కాదు, జాతి కోసం. కానీ ముందు ఇవ్వడం, ఆ తర్వాతే అమ్మడం అన్న సూత్రం ఆయన వ్యాపారంలో మొదటి నుంచీ ఉంది.

మద్రాసులో కేసరి కుటీరం నడిపిన డాక్టర్ కె.ఎన్.కేసరిది మన విషయానికి ఇంకా దగ్గర ఉదాహరణ. స్త్రీల కోసం ఆయన తయారుచేసిన ‘లోధ్ర’ మందు తెలుగునాట ఇంటింటికీ తెలుసు. ఆయన 1928లో ‘గృహలక్ష్మి’ అనే మాసపత్రిక పెట్టారు. అది స్త్రీల పత్రిక. కథలు, ఆరోగ్యం, ఇంటి సంగతులు వచ్చేవి. రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చి గౌరవించేవారు. మందు ఎవరి కోసమో, పత్రిక కూడా వాళ్ల కోసమే. అచ్చు కాగితం విలువ తెలిసిన వ్యాపారి చేసిన పని అది.

అమెరికాలో వ్యవసాయ పరికరాలు తయారుచేసే జాన్ డీర్ కంపెనీ 1895లో రైతుల కోసం ‘ది ఫరో’ అనే పత్రిక మొదలుపెట్టింది. ఫరో అంటే నాగేటి చాలు. నేల, పంట, రైతుల అనుభవాలు రాసే ఆ పత్రిక నేటికీ వస్తోంది. టైర్లు తయారుచేసే ఫ్రాన్సు కంపెనీ మిషెలిన్ 1900లో కారు ఉన్నవాళ్లకు దారి చూపే పుస్తకాన్ని ఉచితంగా పంచింది. బండి రిపేరు ఎక్కడ, బస ఎక్కడ అని అందులో ఉండేది. జనం ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి మరి!

వీళ్లంతా పెద్దవాళ్లు, మాది పది అడుగుల అంగడి అంటారా? అయితే మన అనంతపురం సంగతే చూద్దాం. పప్పూరు రామాచార్యులు 1926లో ఇక్కడ ‘శ్రీ సాధన పత్రిక’ ప్రారంభించారు. మద్రాసు నుంచి పెద్ద పత్రికలు వస్తున్న కాలంలో, కరవు నేల మీద ఒక చిన్న ఊరి పత్రిక నిలబడింది. ఈ సీమ మంచి చెడ్డలు ఈ సీమవాళ్లకే చెప్పడం దాని బలం. చిన్న కాగితానికి ఉండే బలం అదే. తన మనుషులెవరో దానికి తెలుసు.

ఇంకో ఉదాహరణ వ్యాపారం కాదు గానీ, చెప్పక తప్పదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించారు. అందరూ ఆర్డీటీ అంటారు. ఆ సంస్థ ద్వారా స్పెయిన్‌లోని దాతలు ఇక్కడి పిల్లలకు అండగా నిలిచారు. ఈ పిల్లల నుంచి ఆ దాతలకు ఉత్తరాలు వెళ్లాయి. ఏం చదువుతున్నారో, ఇంట్లో ఎలా ఉన్నారో, ఊళ్లో వాన పడిందో లేదో! వేల మైళ్ల దూరంలో ఉన్న, ఒకరి భాష ఒకరికి రాని మనుషుల మధ్య బంధం ఏళ్ల తరబడి నిలబడటంలో ఆ కాగితం ముక్కల పాత్ర చిన్నది కాదు. అలాంటప్పుడు పది మైళ్ల దూరంలో ఉన్న మన ఖాతాదారుణ్ని ఒక కాగితం నిలుపుకోలేదా?

ఏం రాయాలి?

‘మా అంగట్లో ఫలానా సరుకు వచ్చింది’ అని నాలుగు పేజీలు నింపితే అది కరపత్రమే. కాగితంలో నాలుగు వంతులుంటే మూడు వంతులు వాళ్లకు పనికొచ్చేవి, ఒక వంతు మన సంగతి. ఈ లెక్క తప్పకండి.

విత్తనాల అంగడి అనుకుందాం. ఏరువాక ముందు వచ్చే ఉత్తరంలో ఇలా రాయొచ్చు: ‘అన్నలకు, అక్కలకు నమస్కారం. విత్తనం శెనక్కాయలు ఇంట్లోవైనా సరే, కొన్నవైనా సరే, విత్తే ముందు ఒకసారి పరీక్ష చేసుకోండి. నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి పెట్టండి. ఎన్ని మొలిచాయో చూడండి. డెబ్బైకి తగ్గితే ఆ విత్తనాన్ని నమ్ముకోవద్దు. కాయలు ముందే ఒలిచి పెట్టుకోకండి, విత్తే రోజులు దగ్గరపడ్డాకే ఒలవండి. ఎక్కడ కొన్నా బిల్లు, సంచికి ఉన్న చీటీ పారేయొద్దు. రేపు మొలక రాకపోతే అడగడానికి అవే ఆధారం.’

చూడండి, ఇందులో ‘మా దగ్గరే కొనండి’ అన్న మాట లేదు. పైగా ‘ఎక్కడ కొన్నా’ అని ఉంది. ఆ ఒక్క మాటతోనే చదివేవాడికి నమ్మకం కుదురుతుంది. కదిరి, రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రాలు ఏ రకం వేయమంటున్నాయో అడిగి తెలుసుకుని రెండు ముక్కలు రాస్తే ఇంకా మంచిది. మన సొంత ఊహ రాయకూడదు. పొలంలో పెట్టే ప్రతి రూపాయీ ఆ ఇంటికి ప్రాణంతో సమానం.

బోరు మోటార్ల మెకానిక్ అయితే? ఎండలు ముదరక ముందే ఒక కాగితం. నీళ్లు తగ్గిన బోరులో మోటారు ఉత్తగా తిరిగితే ఎలా కాలిపోతుంది, అలా తిరగకుండా ఆపే పరికరం ఏమిటి, ఓల్టేజీ తక్కువ ఉన్నప్పుడు ఏం చేయకూడదు... ఇవి చాలు. ‘ఇవన్నీ చెబితే మోటార్లు కాలవు, నాకు పనెక్కడిది?’ అనిపించవచ్చు. మోటారు ఎప్పటికైనా చెడుతుంది. అప్పుడు గుర్తొచ్చేది మోటారు చెడకూడదని కోరుకున్నవాడి పేరే.

ధర్మవరంలో పట్టు చీరల అంగడి ఉన్నవాళ్లు చీర అమ్మాక ఆ ఇంటికి ఏం పంపుతున్నారు? పట్టుచీరను ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే ఆ మడత దగ్గర జరీ చిట్లుతుంది. అప్పుడప్పుడూ విప్పి మడత మార్చాలి. నూలు గుడ్డలో చుట్టి పెట్టాలి. కలరా ఉండలు నేరుగా చీరకు తగలనివ్వకూడదు. అసలు పట్టును గుర్తించడానికి 2004లో మొదలైన సిల్క్ మార్క్ చీటీ ఎలా ఉంటుంది? ఈ నాలుగు సంగతులూ ఒక కాగితంలో వస్తే ఏ ఇల్లాలు పారేస్తుంది? బీరువా తలుపు లోపల అంటించుకుంటుంది. అయిదేళ్ల తర్వాత కూతురు పెళ్లి కుదిరినప్పుడు, బీరువా తెరవగానే కనిపించేది మీ అంగడి పేరే కదా!

కిరాణా అంగడివాళ్లు పప్పుకు పురుగు పట్టకుండా దాచే పద్ధతి రాయొచ్చు. టైలరు బడి తెరిచే ముందు యూనిఫాం గుడ్డ ఎంత పడుతుందో వయసులవారీగా పట్టిక వేయొచ్చు. మెడికల్ షాపువాళ్లు మాత్రం జాగ్రత్త. మందు పేర్లు, మోతాదులు రాయకూడదు. మందులు ఎండ తగలకుండా ఎలా దాచాలి, గడువు తేదీ ఎక్కడ ఉంటుంది అని రాస్తే చాలు.

ఇక మూడో పేజీని ఖాతాదారులకే వదిలేయండి. ఎవరో రైతు చీనీ తోటను ఎండలో కాపాడుకున్న తీరు, ఎవరో ఇల్లాలు కొర్రలతో చేసిన వంట, ఎవరో పిల్లకు పదో తరగతిలో వచ్చిన మార్కులు. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే వేయండి. తన పేరు అచ్చులో చూసుకున్న మనిషి ఆ కాగితాన్ని పదిమందికి చూపిస్తాడు.

ఏం రాయకూడదు?

మొదటిది, బాకీ. ఈ ఉత్తరంలో బాకీ మాట ఏ రూపంలోనూ రాకూడదు. ‘పాత బకాయిలు చెల్లించి సహకరించగలరు’ అని చివర్లో చిన్న అక్షరాలతో వేసినా సరే, మొత్తం కాగితం నోటీసు అయిపోతుంది. బాకీ అడగడం తప్పేమీ కాదు. దానికి వేరే వేళ ఉంది, వేరే పద్ధతి ఉంది. రెండింటినీ కలిపారంటే రెండూ చెడతాయి.

రెండోది, రాజకీయం. ఊళ్లో రెండు పార్టీలు ఉంటే రెండు పార్టీలవాళ్లూ మన ఖాతాదారులే. పైగా లోక వార్తలు, వాటి మీద వ్యాఖ్యలు వేస్తూ వరసగా అచ్చు వేస్తే అది పత్రిక కిందికి వస్తుంది. రిజిస్ట్రేషను చట్టాలు చూసుకోవాల్సి వస్తుంది. మన అంగడి, మన ఖాతాదారులు, వాళ్లకు పనికొచ్చే విషయాలు... అంతవరకే ఉండాలి. అచ్చు వేసిన ప్రెస్సు పేరు, ఊరు కింద వేయించడం మాత్రం మంచి అలవాటు.

మూడోది, ఇతరుల వివరాలు. ఖాతా పుస్తకంలోని చిరునామాలు, ఫోను నంబర్లు మన దగ్గర దాచమని ఇచ్చినవి. ఇంకొకరికి ఇవ్వకూడదు. కాగితం పంపించవచ్చా అని ముందే ఒక మాట అడగాలి. వద్దన్నవాళ్ల పేరు కొట్టేయాలి. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి అటుంచి, ఇది మర్యాద.

ఎలా వేయించాలి?

ఏ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. ఇంతకు మించి వద్దు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లు చిన్న టౌన్లలోనూ ఉంటాయి. ఒకే రంగు చాలు. నిగనిగలాడే ఆర్ట్ పేపరు అక్కర్లేదు. మామూలు మ్యాప్‌లితో కాగితం మీద చదవడానికి హాయిగా ఉంటుంది, పెన్నుతో రాసుకోవడానికీ వీలవుతుంది. అక్షరాలు పెద్దవిగా వేయించండి. చదివేవాళ్లలో కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చిన పెద్దవాళ్లు ఉంటారు. 2011 జనగణనలో ఈ జిల్లా అక్షరాస్యత సుమారు 64 శాతం. అంటే చాలా ఇళ్లలో ఈ కాగితాన్ని బడికెళ్లే పిల్లలు చదివి వినిపించాలి. అందుకే వాక్యాలు చిన్నవిగా ఉండాలి. అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి పైకి చదివి చూడండి. ఊపిరి తిప్పుకోవాల్సి వస్తే ఆ వాక్యాన్ని రెండు చేయండి.

ఖర్చు లెక్క ఇలా ఉంటుంది. కంపోజింగు, ప్లేటు, మిషను సిద్ధం చేయడం... ఇవి వంద కాపీలకైనా వెయ్యి కాపీలకైనా దాదాపు ఒకటే. ఆ తర్వాత పెరిగేది కాగితం, అచ్చు కూలి. అందువల్ల వంద కాపీలు మాత్రమే కావాలంటే ఆఫ్‌సెట్ దండగ, జిరాక్సు చాలు. అయిదు వందలు దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు అవుతుందేమో రెండు ప్రెస్సుల్లో అడిగి చూడండి. ఒక్కరికి భారమైతే పోటీ లేని ముగ్గురు కలవచ్చు. విత్తనాల అంగడి, మెకానిక్, బట్టల అంగడి ఒకే కాగితం వేయించుకుంటే ఖర్చు మూడు వాటాలు అవుతుంది. ఖాతాదారులు ఎలాగూ ఒకే ఊళ్లవాళ్లు.

పంచడానికి పోస్టు ఒక్కటే దారి కాదు. అంగడికి వచ్చినవాళ్లకు సంచిలో పెట్టి ఇవ్వండి. పాల వ్యానువాళ్లు, పల్లె నుంచి రోజూ టౌనుకు వచ్చే ఆటోవాళ్లు తీసుకెళ్తారు. కానీ అంగడికి రావడం మానేసిన వాళ్లకు మాత్రం పోస్టులోనే పంపండి. చిరునామా చేత్తో రాయండి. పోస్టు నిబంధనలు, ధరలు ఈ మధ్య కొన్ని మారాయి కాబట్టి మీ పోస్టాఫీసులో ముందుగా కనుక్కోండి. నాలుగు పేజీలు కష్టమైతే పోస్టుకార్డు ఉండనే ఉంది. 1879లో పావు అణాకు మొదలైన కార్డు. దాని మీద పది వరసలు అచ్చు వేయించినా అది ఉత్తరమే.

ఎప్పుడెప్పుడు? ఉగాదికి ఒకటి, ఏరువాక ముందు ఒకటి, దసరాకు ఒకటి, సంక్రాంతికి ఒకటి. ఏడాదికి నాలుగు. నెల నెలా వేస్తామని మొదలుపెట్టి మూడో నెలలో ఆపేయడం కన్నా, నాలుగే వేసి నాలుగూ వేళకు అందించడం మేలు. ‘ఏరువాక వచ్చింది, ఇంకా కాగితం రాలేదేం?’ అని ఒక్కరు అడిగినా మన పని అయినట్టే.

ఫోను ఉండగా కాగితమెందుకు?

చాలామంది అడిగే ప్రశ్నే. వాట్సప్‌లో ఒక్క నొక్కు నొక్కితే వెయ్యిమందికి వెళ్తుంది, పైసా ఖర్చు లేదు. నిజమే. ఖర్చు లేదు కాబట్టే అందరూ పంపుతున్నారు. అందరూ పంపుతున్నారు కాబట్టే ఎవరూ చూడటం లేదు. అక్కర్లేని వ్యాపార ఫోన్లు ఆపాలని 2007లోనే దేశంలో ఒక రిజిస్టరు పెట్టాల్సి వచ్చిందంటే జనం ఎంత విసిగిపోయారో అర్థమవుతుంది. ఫోను ఒకరి జేబులో ఉంటుంది. కాగితం ఇంట్లో ఉంటుంది. అవ్వ చూస్తుంది, కోడలు చూస్తుంది, పిల్లలు చదువుతారు. కొనే నిర్ణయం తీసుకునేది ఇల్లంతా కలిసే కదా.

అలాగని ఫోను మానేయక్కర్లేదు. ధర మారినా, సరుకు వచ్చినా ఫోనులో చెప్పండి. అది వెంటనే తెలియాల్సిన సంగతి. దాచుకోవాల్సిన సంగతికి కాగితం.

పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికీ ఒక దారి ఉంది. చివరి పేజీలో ఒక ప్రశ్న వేయండి. ‘మీ ఊళ్లో మొదటి పదును వాన ఏ రోజు పడింది? అంగడికి వచ్చినప్పుడు చెప్పండి, వచ్చే ఉత్తరంలో అన్ని ఊళ్ల వివరాలూ వేస్తాం.’ ఎంతమంది చెప్పారో లెక్క రాసుకోండి. తిరిగొచ్చిన కవర్లను కూడా పారేయకండి. ఏ ఇల్లు తాళం వేసి ఉందో, ఎవరు బెంగళూరు పోయారో అవే చెబుతాయి.

ఈ కాగితం ఏం చేయలేదో కూడా చెప్పాలి. చెడ్డ సరుకును మంచిది చేయలేదు. తూకంలో మోసాన్ని కప్పలేదు. మొదటి రెండు సంచికలకు అమ్మకాలు పెరగకపోవచ్చు. ఏడాది దాకా ఖర్చే కనిపిస్తుంది. ఆ ఓపిక లేనివాళ్లు మొదలుపెట్టకపోవడమే మంచిది.

అసలు పరీక్ష కరవులోనే

మంచి ఏడాదిలో ఉత్తరం వేయడం గొప్ప కాదు. 2002, 2009 లాంటి ఏళ్లు ఈ సీమ ఎన్ని చూడలేదు? అలాంటి ఏడు అంగడివాడు మొదట కత్తిరించే ఖర్చు ఈ కాగితమే. ‘కొనేవాళ్లే లేరు, ఎవరికి పంపాలి?’ అంటాడు. కానీ ఆలోచించండి. ఆ ఏడు ఆ ఇంటికి బ్యాంకు నుంచి నోటీసు వస్తుంది. వడ్డీ వ్యాపారి నుంచి మనిషి వస్తాడు. పది వైపుల నుంచి వచ్చేవన్నీ అడిగేవే. అప్పుడు ఏమీ అడగని కాగితం ఒక్కటి వస్తే, అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఆ ఇల్లు మరిచిపోతుందా?

ఆ ఏటి ఉత్తరంలో కొత్త సరుకు గురించి రాయనక్కర్లేదు. పశువులకు గడ్డి ఎక్కడ దొరుకుతోంది, పంట బీమాకు చివరి తేదీ ఏది, కూలి పనులకు పేరు ఎక్కడ రాయించుకోవాలి... ఇవి రాయాలి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొట్టమొదట మొదలైంది ఇక్కడి బండ్లపల్లిలోనే. పథకాల పేర్లు, నిబంధనలు మారుతుంటాయి. మండలాఫీసుకు పోయి ఆ ఏటి వివరం కనుక్కుని నాలుగు ముక్కల్లో రాసిపెట్టేవాడు ఒకడు కావాలి. ఆ పని అంగడివాడు ఎందుకు చేయకూడదు?

అప్పుడు మూడో ఏడు వాన పడ్డాక, బాకీ ఉన్న మనిషికి మన వీధిలోకి రావడానికి ఒక సాకు దొరుకుతుంది. ‘అన్నా, నీ కాగితం అందింది’ అంటాడు. ఆ మాట బాకీతో మొదలు కాలేదు కాబట్టి బాకీ సంగతి ఆయనే ఎత్తుతాడు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఈ వారం చిన్న పని. ఖాతా పుస్తకం తీయండి. ఏడాదిగా అంగడికి రాని ఇరవై మంది పేర్లు ఒక కాగితం మీద రాయండి. పక్కన బాకీ అంకెలు వేయకండి. ఊరి పేరు, వాళ్లు ఏం పండిస్తారు, పిల్లలు ఏం చదువుతున్నారు... గుర్తున్నంతవరకు రాయండి. ఒక్కొక్కరికీ ఇప్పుడు ఏం తెలిస్తే మేలు జరుగుతుందో ఆలోచించండి. మొదటి ఉత్తరంలో రాయాల్సింది అదే.